రెండో వైపు మూడు సెకన్లు

ఆ రికార్డు అట్ట వెనక చిన్న అక్షరాలతో నా పేరుంది. ‘విని సరేనన్నవారు’ అని వేసి, దాని కింద నా పేరొక్కటే వేశారు. నేను సరేననలేదు. ఈ మాట ఆరేళ్లుగా చెబుతున్నాను. వినేవాళ్లకు విసుగొచ్చిందని తెలుసు. నాకు రాలేదు.

సిడ్నీ శివారు టూంగాబీలో మా పక్కింటాయన చిలీ నుంచి వచ్చినవాడు, రిటైరైన వెల్డరు. నన్ను ‘వెసీనో’ అనేవాడు, వాళ్ల భాషలో పక్కింటివాడని. ఈ దేశం వచ్చిన కొత్తలో, ఉద్యోగం దొరకని నాలుగు నెలలూ నా మధ్యాహ్నాలు ఆయన గరాజ్‌లోనే గడిచాయి. ఆయన దగ్గర వాళ్ల ఊరి రాక్ బృందం ఎల్పీ ఒకటుండేది. అందులో రెండో వైపు మూడో పాట ఆగకుండా నాలుగో పాటలోకి వెళ్లిపోతుంది. డ్రమ్ము అదే మోగుతుంటుంది, పైన పాట మారిపోతుంది. ఆ చోటు దగ్గరపడగానే ఆయన వేలెత్తేవాడు. ఇక నేను మాట్లాడకూడదు.

ఆ బృందం రికార్డులను ఆస్ట్రేలియాలో విడుదల చేసే హక్కు తెచ్చుకున్నది మా వైపు చిన్న రికార్డు షాపు నడిపే ఒకాయన. నేను అప్పటికి సాఫ్ట్‌వేర్ టెస్టరుగా కుదురుకున్నాను. తప్పులు పట్టడమే నా పని. పక్కింటాయన ఆ సంగతి గొప్పగా చెప్పడంతో, ఫ్యాక్టరీ నుంచి వచ్చిన అదే ఎల్పీ నమూనాను షాపాయన నా చేతిలో పెట్టాడు.

విన్నాను. మూడో పాట అయ్యాక మూడు సెకన్ల నిశ్శబ్దం. పాటలను విడివిడి ఫైళ్లుగా పంపితే, ఫ్యాక్టరీవాళ్లు అన్నిటి మధ్యా ఖాళీ పెట్టేశారు. ఆఫీసులో రాసినట్టే రిపోర్టు రాశాను: ఏ వైపు, ఎన్నో నిమిషం, ఎలా ఉండాలి, ఎలా ఉంది. సరిచేసేదాకా విడుదల ఆపాలని చివర రాశాను.

షాపాయన చూసి నవ్వాడు. “రెండు పేజీలా! ఇది బ్యాంకు సాఫ్ట్‌వేర్ కాదు మేట్, రాక్ అండ్ రోల్.”

“మూడు సెకన్లు ఆగిపోతోంది.”

“ఆగనీ. వాళ్లు కూడా ఊపిరి తీసుకోవాలిగా?”

అలాగే విడుదల చేశాడు. నా పేరు వేసింది గౌరవం కోసమట.

పక్కింటాయన ఆ కొత్త ఎల్పీ కొని, నన్ను పిలిచి, గరాజ్‌లో పెట్టాడు. వేలెత్తాడు. నిశ్శబ్దం వచ్చింది. నాలుగో పాట మొదలైనా ఆ వేలు దిగలేదు. తర్వాత కళ్లజోడు పెట్టుకుని అట్ట వెనక చదివాడు.

“వెసీనో, దీన్ని నువ్వు ముందే విన్నావా?”

“విన్నాను. వద్దని రాసిచ్చాను.”

“నీ పేరుంది కదా.”

ఇంటికెళ్లి రిపోర్టు నకలు తెచ్చిచ్చాను. ఇంగ్లీషులో రెండు పేజీలు. ఆయన చదవకుండానే బల్ల మీద పెట్టాడు. ఆ వేసవి మొత్తం నన్ను గరాజ్‌కి పిలవలేదు.

ఆ బృందం రెండో రికార్డు విడుదలైనప్పుడూ, మూడోది విడుదలైనప్పుడూ షాపుకి ఉత్తరం రాశాను. మొదటిదాన్ని సరిచేయండి, లేదా నా పేరు తీసేయండి అని. జవాబు లేదు.

“మన శుభలేఖలో మా నాన్న పేరు తప్పుపడితే కూడా మీరింత గొడవ చెయ్యలేదండీ,” అంది మా ఆవిడ.

“అది మీవాళ్లు వేయించిన శుభలేఖ,” అన్నాను.

పోయినేడు ఆ బృందం సిడ్నీ వచ్చింది. ఒక శనివారం షాపులో రికార్డుల మీద సంతకాలు పెడతారన్నారు. పక్కింటాయన డ్రైవింగ్ మానేశాడు కాబట్టి కారులో నేనే తీసుకెళ్లాను. గాయకుడికి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను ఒప్పుకోలేదన్న సంగతి పక్కింటాయన చేత వాళ్ల భాషలోనే చెప్పించాలని నా ఉద్దేశం.

షాపాయన నన్ను ముందుకు తోసి “మా చెవి ఇతనే” అన్నాడు. గాయకుడు లేచి నా చెయ్యి పట్టుకుని గబగబా ఏదో చెప్పాడు.

“ఆ ఖాళీ వాళ్లకు నచ్చిందట,” అన్నాడు పక్కింటాయన. “ఇప్పుడు స్టేజీ మీద కూడా అక్కడ ఆగుతున్నారట. నీకు థాంక్స్ చెబుతున్నాడు.”

“నేను వద్దన్నానని చెప్పండి. రిపోర్టు రాశానని చెప్పండి.”

పక్కింటాయన రెండే ముక్కలు అన్నాడు. గాయకుడు నన్ను కౌగిలించుకున్నాడు. నేను చెప్పమన్నది రెండు ముక్కల్లో అయ్యేది కాదు.

కారెక్కగానే అడిగాను. “ఏం చెప్పారు?”

“నీకు చాలా సంతోషంగా ఉందని.”

“అది నా మాట కాదు.”

“ముప్పై ఏళ్లుగా ఈ దేశంలో ఉన్నాను వెసీనో. ఆ పాట పాడినవాడు నాతో నా భాషలో ఒక్క నిమిషం మాట్లాడాడు. ఆ నిమిషం నీ కంప్లైంటుకి ఇచ్చెయ్యాలా?”

“ఆ ఖాళీ విని నన్ను దూరం పెట్టింది మీరే కదా?”

“వాళ్ల పాట. వాళ్లకు నచ్చింది.”

మర్నాడు షాపుకి ఒకటే వాక్యం రాశాను: మళ్లీ విడుదల చేసేటప్పుడు నా పేరు వద్దు. గంటలో జవాబొచ్చింది, ఇన్నేళ్లలో మొదటిది. “నో వర్రీస్.”

మొదటి రికార్డు ఈమధ్యే మళ్లీ విడుదలైంది. షాపుకెళ్లి, రెండో వైపు పెట్టి వినిపించమన్నాను. మూడు సెకన్లూ అలాగే ఉన్నాయి. అట్ట తిప్పాను. నా పేరు తీసేశారు. ‘విని సరేనన్నవారు’ కింద పక్కింటాయన పేరుంది.

ఆయన నాకు చెప్పలేదు. నేను ఇంటికొచ్చేసరికి కంచె అవతల టమాటా మొక్కలకు నీళ్లు పెడుతూ నన్ను చూసి చెయ్యి ఊపాడు. నేను ఊపలేదు.