జంపక్క భుజాన తువ్వాలు

పోయిన మార్చిలో మహిళా దినోత్సవం నాడు మండలాఫీసులో జంపక్కకు శాలువా కప్పారు. ఆదర్శ మహిళ అట. కప్పిన అధికారి నాలుగు మంచి మాటలు చెప్పి, మైకు ఆమె చేతికిచ్చి "మీరూ ఏమన్నా మాట్లాడండమ్మా" అన్నాడు. జంపక్క శాలువా అంచు పట్టుకుని చూసుకుని, "మంచిగున్నది సారూ. మరి దీంతోటి ఏం పనిస్తరు?" అని అడిగింది. హాలంతా గొల్లున నవ్వింది. ఆవిడేదో హాస్యమాడింది అనుకున్నారు, వాళ్ళ తెలివి తెల్లారినట్టే ఉంది! జంపక్క అలాంటి విషయాల్లో హాస్యమాడదు. మూడేళ్ళ కిందట మా వాకిట్లో ఏం జరిగిందో చూసినవాళ్ళెవరూ ఆ మాటకు నవ్వరు.

నా పేరు నాగలత. టేకులపల్లి దగ్గర మాకు పామాయిల్ తోట ఉంది. మా మామగారు వెంకటప్పయ్య ఎప్పుడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, ఇక్కడ అడవి అంచున భూమి కొని స్థిరపడ్డారు. మా ఆయన నాని కొత్తగూడెంలో ఎరువుల దుకాణం చూసుకుంటాడు. కూలీలను పిలవడం, ట్రాక్టరువాడితో తగువుపడటం, ఫ్యాక్టరీకి ఫోన్లు చెయ్యడం అన్నీ నా నెత్తినే. పెత్తనం మాత్రం మామగారిది. నాకు ముక్కు మీద కోపమని మా అత్తగారు సీతారావమ్మ చుట్టాలందరికీ చాటింపు వేసే ఉంచారు కాబట్టి ఇక్కడ నేను కొత్తగా దాచుకునేదేమీ లేదు.

పామాయిల్ తోటలో పని రెండు రకాలు. పొడుగాటి గెడకు కొడవలి బిగించి, తలెత్తి, మట్టల సందులోంచి గెల కోసేది మగవాళ్ళు. కింద రాలిన పళ్ళు ఏరేది, ముళ్ళు గుచ్చుకుంటున్నా గెలలు మోసి ట్రాక్టరు దగ్గర పడేసేది ఆడవాళ్ళు. గెడ పట్టినవాడికి ఒక కూలి, పళ్ళు ఏరినామెకు అందులో సగానికి కాస్త పైన. ఎవరు పెట్టారో ఆ లెక్క, ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

జంపక్క పక్క తండాకు కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ మా తోటలో పళ్ళు ఏరింది. ఏరుతూ ఊరుకుందా? మగవాళ్ళు మధ్యాహ్నం అన్నాలకు కూర్చోగానే గెడ తీసుకుని పొట్టి చెట్ల మీద చెయ్యి తిప్పుకునేది. మేస్త్రి బద్యా చూసి, "ఏందక్కా, మా పొట్ట కొడతవా?" అని ఎకసెక్కాలాడేవాడు. "నీ పొట్ట జోలికి నేనెందుకొస్తరా, నా పొట్ట నాకున్నది" అనేది. మెల్లగా తనతో పనిచేసే ఆడవాళ్ళకూ నేర్పింది. వాళ్ళలో వాళ్ళు తమ భాషలో ఏవో మాట్లాడుకుని పడీపడీ నవ్వేవారు. మేమంతా అది కాలక్షేపమనుకున్నాం.

ఆ ఏడు వానాకాలం, పెద్ద కోత మంచి ఊపులో ఉండగా, బద్యా ముఠా చెప్పాపెట్టకుండా రోడ్డు పనికి వెళ్ళిపోయింది. అక్కడ కూలి ఎక్కువట. తోటలో గెలలు పండి, మెత్తబడి, పళ్ళు జలజలా రాలిపోతున్నాయి. ఇంకో వారం ఆగితే ఆ గెలలను ఫ్యాక్టరీవాళ్ళు ముట్టుకోరు. మామగారు ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఒక్క ముఠా దొరకలేదు.

అప్పుడొచ్చింది జంపక్క. వెనకాల ఆమె ఆడవాళ్ళు.

"పెద్దయ్యా, మేం కోస్తం."

"ఆడవాళ్ళు గెడ ఎత్తడమేమిటే? గెల వచ్చి మెడ మీద పడితే ఎవరు సమాధానం చెబుతారు?"

"మగోళ్ళ మెడ మీద పడితే ఎవ్వరు చెప్తుండ్రు? మీరే గద. మాకు గట్లనే చెప్పుండ్రి." ఇంకా ఆగలేదు. "గెడ పట్టినోళ్ళకు బద్యా మనుషులకిచ్చిన కూలే ఇయ్యాలె. కోసేది గెల. కోసిన చెయ్యి ఆడదా మగదా అని ఫ్యాక్టరోళ్ళు అడుగుతరా?"

వంటింట్లో ఉన్న నాకు నవ్వాగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. మామగారు సరే అన్నారు. ఇష్టపడి కాదు, గతిలేక.

ఆ కోత నేను దగ్గరుండి చూశాను. బద్యా ముఠాలో గెడ పట్టినవాడే రాజు, మిగతావాళ్ళు వాడి కింద. జంపక్క పద్ధతి వేరు. పొద్దున గెడ ఒకరిది, మధ్యాహ్నం ఇంకొకరిది. అందరూ కొయ్యాలి, అందరూ ఏరాలి, తనతో సహా. అందరిలోకీ చిన్నది పుష్ప. మొదటి రోజే ఒక గెల ఆ పిల్ల కాళ్ళ ముందు దభీమని పడింది. గెడ వదిలేసి ఏడుపు లంకించుకుంది, "నాతోటి కాదక్కా, నేను ఏరుకుంట" అని. నేనైతే పోనీలే పాపం అనేదాన్ని. జంపక్క అననివ్వలేదు. "ఏడువు, ఎవ్వరొద్దన్నరు? ఏడుసుకుంటనే గెడ లేపు. నిలబడే జాగ ముందు చూసుకో, గెల తర్వాత చూడు" అని పక్కనే నిలబడింది. ఆ పిల్ల ముక్కు చీదుకుంటూనే ఆ చెట్టు కోసింది. కోత ముగిసేనాటికి పొడుగు చెట్లన్నీ పుష్పవే. తోట గట్టెక్కింది.

ఇక మా దగ్గర ఒక ఆచారం. పెద్ద కోత అయిపోయిన రోజు యజమాని తన చేత్తో మేస్త్రి భుజాన కొత్త తువ్వాలు వేస్తాడు. అది ఉత్త గుడ్డ కాదు. తువ్వాలు ఎవరి భుజాన పడితే వచ్చే ఏడు కోత వాళ్ళది. యజమాని ఇంకో ముఠాను పిలవకూడదు. ఏం మాట్లాడాలన్నా ఆ మేస్త్రితోనే మాట్లాడాలి, కోతల కాలం రాగానే వాళ్ళ ఇంటికి స్వయంగా వెళ్ళి పిలుచుకురావాలి. మేస్త్రి ఆడదైతే ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ తెలియదు, అప్పటిదాకా అలాంటి అవసరం రాలేదు కదా.

నేను మహా తెలివిగా ఖమ్మం వెళ్ళి జంపక్కకు పట్టుచీర తెచ్చాను. చిలకాకుపచ్చ, జరీ అంచు. తువ్వాలు దాని ముందు ఏపాటిది అనుకున్నాను. ఎంత మురిసిపోయానో!

ఆ సాయంత్రం వాకిట్లో అందరూ చేరారు. మా అత్తగారు జంపక్కకు బొట్టుపెట్టి చీర చేతిలో పెట్టారు. ఆ తర్వాత మామగారు తువ్వాలు తీసుకుని అటూ ఇటూ చూసి, ఆటో పక్కన నిలబడ్డ జంపక్క భర్త కిషన్‌లాల్‌ను రమ్మని పిలిచారు. ఆడవాళ్ళను దింపడానికి ఆటో తోలుకొచ్చిన మనిషి అతను. తోటలో ఒక్క గెల కోసి ఎరగడు. మామగారు తువ్వాలు అతని భుజాన వేసి, "వచ్చే ఏడు మీదేరా" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గులేకుండా నేనూ కొట్టాను.

జంపక్క చప్పట్లు అయ్యేదాకా ఆగింది. ఇంట్లో మొగుడితో తమ భాషలో మాట్లాడే మనిషి, అప్పుడు మాత్రం అందరికీ వినపడాలని తెలుగులోనే అడిగింది.

"ఏమయ్యా, వచ్చే యేడు సంది గెడ నువ్వు పడతవా?"

కిషన్‌లాల్ తెల్లమొహం వేశాడు. "నేనేడ పడత? నాకు ఆటో తప్ప ఏం తెల్సు?"

"మరి తువ్వాల నీకెందుకేసిండ్రు?"

"నాకేమెరుక? పిలిస్తే వచ్చిన" అని అతను గబగబా దాన్ని తీసి మామగారి చేతిలో పెట్టేశాడు. నిప్పు పట్టుకున్నట్టు పెట్టాడు పాపం.

మామగారికి చిన్నతనమైంది. "ఎవరి భుజాన ఉంటే ఏమిటే, మీ ఇంటికే కదా వచ్చింది! నువ్వు మా ఇంటి ఆడపడుచు లాంటిదానివి. అందుకే చీర పెట్టాం. పరాయి ఆడమనిషి భుజాన నేను తువ్వాలు వేస్తే నలుగురూ ఏమనుకుంటారు?"

"పెద్దయ్యా." జంపక్క గొంతు పెంచలేదు. "ఆడపడుచునైతే చీర తీస్కొని పోత. వచ్చే యేడు మీరు పిలవకపోతే అలుగుత, గంతే. నేను ఆడపడుచుగ రాలే. మేస్త్రిగ వచ్చిన. గీ ఆడోళ్ళంత నా మాట మీద గెడ పట్టిండ్రు. తువ్వాల లేకపోతే వచ్చే యేడు బద్యా వస్తడు, వీళ్ళు మళ్ళ వంగి పళ్ళు ఏరుతరు. మేస్త్రికి ఎట్లేస్తరో నాకు గట్ల ఎయ్యుండ్రి."

నాకు ఒళ్ళు మండిపోయింది, జంపక్క మీద కాదు, నా మీదే. ఖమ్మమంతా తిరిగి చీర ఏరుకొచ్చానే, తువ్వాలు ఎవరికి అని ఒక్కసారైనా ఆలోచించానా?

"వెయ్యండి మామయ్యా" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది.

ఆయన నా వంక ఉరిమి చూశారు. తర్వాత అత్తగారి వంక చూశారు. ఆవిడ తల దించుకోలేదు. "అడిగిందాంట్లో తప్పేముంది? కోసింది తనేగా" అన్నారు. నేను కాపురానికొచ్చాక మామగారి ఎదుట ఆవిడ అలా మాట్లాడటం అదే మొదలు.

మామగారు రెండడుగులు ముందుకేసి, మొహం పక్కకు తిప్పుకుని, తువ్వాలు జంపక్క భుజాన వేశారు. పుష్ప ఈలవేసింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, ఎందుకు ఆపుకోవాలి?

"మరి చీర?" అన్నాను ముక్కు తుడుచుకుంటూ.

"చీర వద్దన్ననా? రెండూ తీస్కుంట" అంది జంపక్క. అప్పుడు నవ్వారు అందరూ.

మరుసటి ఏడు కోతల ముందు మామగారు మేస్త్రిని పిలవడానికి తండాకు బయల్దేరారు. కారు నేను నడిపాను. జంపక్క ఇంట్లో లేదు. కిషన్‌లాల్ మంచం వాల్చి, టీ పెట్టి ఇచ్చాడు. మామగారు ఆ మంచం మీద కూర్చుని ఎదురుచూశారు. కూలిమనిషి కోసం ఆయన అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. జంపక్క వచ్చి, చేతులు తుడుచుకుంటూ ఎదురుగా నిలబడింది.

"ఈ యేడు మీ తోటకు నేను రాను పెద్దయ్యా. బూర్గంపాడు దిక్కు కొత్త తోట ఒప్పుకున్న. ఆడోళ్ళు గెడ పడతరంటే ఆడ ఇంకా ఎవ్వరు నమ్ముతలేరు, నేనే పోవాలె. మీ తోటకు పుష్ప మేస్త్రిగ వస్తది."

దగ్గర్లో ఉన్న తోట, అలవాటైన చెట్లు, అంత పోట్లాడి భుజాన వేయించుకున్న తువ్వాలు, అన్నీ ఆ చిన్నపిల్ల చేతిలో పెట్టేస్తోందీవిడ! మామగారు ఎగిరిపడతారు, మళ్ళీ బద్యాకు కబురు పెడతారు అనుకున్నాను.

పక్కింట్లోంచి పుష్ప వచ్చింది. భయంతో మొహం పాలిపోయి ఉంది. అయినా కళ్ళు దించలేదు.

మామగారు ఆ పిల్లను ఎగాదిగా చూశారు. టీ గ్లాసు కింద పెట్టారు. మోకాళ్ళ నొప్పితో మూలుగుతూ మంచం మీది నుంచి లేచి నిలబడ్డారు.

"సోమవారం నుంచి కోత, మేస్త్రీ" అన్నారు పుష్పతో. "ఎంతమందిని తెస్తావో నువ్వే చూసుకో."