మూడో సర్వర్‌లో ఆగిన ఉత్తరం

ఆ ఎండాకాలం మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ సగం నిద్రలో చూసినట్టే గుర్తొస్తాయి. బాన్సువాడలో మేం కిరాయికున్న మేడగది, వడ్లు ఎండబోసిన రోడ్డు మీంచి వచ్చే వేడి వాసన, ఊగుతూ తిరిగే ఫ్యాను, దాని కింద ల్యాప్‌టాప్‌తో నేను. నిజామాబాద్‌లోని ఒక ల్యాబు రిపోర్టులు పంపే మెయిల్ సర్వర్లను చూసుకోవడం నా కొలువు. మూడు సర్వర్లు. వాటి ముందు బ్యాలెన్సర్ ఒకటి కూర్చుని ఉత్తరాలను వంతులవారీగా పంచుతుంది.

కొన్ని ఉత్తరాలు చేరడం లేదని మాటిమాటికీ ఫిర్యాదు. తెర మీద చూస్తే మూడూ బాగున్నట్టే పచ్చగా వెలుగుతుండేవి. ఆపి మళ్లీ నడిపిస్తే రెండు రోజులు బాగుండేది. ఆ మాత్రానికే నాకు పని బాగా వచ్చని మురిసిపోయేదాన్ని.

కింద ఇంటి ఓనరు చాచా ఉండేవాడు. ఆయన భార్య చాచీకి చంకలో గడ్డ లేచింది. గడ్డ ముక్క తీసి చేసిన పరీక్ష రిపోర్టు చూస్తేగానీ ఏమీ చెప్పనన్నాడు డాక్టరు. చాచాకు మెయిల్ లేదు కాబట్టి ఆ పరీక్ష చేసిన మా ల్యాబులోనే నా అడ్రసు ఇచ్చాడు. రోజూ మెట్లెక్కి వచ్చి, రిపోర్టు వచ్చిందా అని అడిగేవాడు. ల్యాబువాళ్లే పంపలేదని ధీమాగా చెప్పేదాన్ని. నా మాట నమ్మి రెండుసార్లు నిజామాబాద్ పోయి, మెయిల్‌లో పంపేశాం, కాగితం ఇవ్వమన్నవాళ్లతో కొట్లాడి వచ్చాడు.

ఓ మధ్యాహ్నం చాచీని ఎట్లున్నవని పలకరించాను. మంచిగనే ఉన్నానంది, చెయ్యి గడ్డ మీద పెట్టుకునే. మా దిక్కు అంతే, ఎవరడిగినా బాగున్నామనే అంటాం. ఎండకు మగతగా మెట్లెక్కుతున్నదాన్ని మధ్యలో ఆగిపోయాను. బ్యాలెన్సర్ కూడా సర్వర్లను ఉన్నావా అనే అడుగుతుంది. ఉన్నానంటే చాలు, ఉత్తరాలు చేతిలో పెడుతుంది. ఆ ప్రశ్న రాసిపెట్టింది నేనే.

ఈసారి ఒక్కో సర్వర్‌కు ఒక ఉత్తరం ఇచ్చి చూశాను. రెండు చేర్చాయి. మూడోది తీసుకున్నానంది, కదల్చలేదు. నేను ఆపి నడిపించినప్పుడల్లా అందులో కొత్తవి కదిలేవి, పాతవి అడుగున పడేవి. దాన్ని వరుసలోంచి తప్పించి వెతికితే నా అడ్రసుతో చాచీ రిపోర్టు కనిపించింది. తొమ్మిది రోజులుగా అక్కడే ఉంది. నా మీద నాకే అసహ్యం వేసింది. ముందు అదొక్కటే పంపుకుని, చదివి, కిందికి ఉరికాను.

గడ్డ చెడ్డది కాదని చెప్పాను. చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తప్పు ల్యాబువాళ్లది కాదు, నాదేనని కూడా చెప్పాను.

"ఇంకెవరియన్న రిపోర్టులు ఉన్నయా గండ్ల?" అని అడిగాడు చాచా.

"ఉన్నయి చాచా. చాన ఉన్నయి."

"మరి గీడ నిలబడ్డవేంది బేటీ? పో, పంపు."