తొడ కొడితే తల బాగున్నట్టేనా!

మా మనవరాలికి నా మీద పీకల దాకా కోపం. వారం రోజులుగా నన్ను చూస్తే చాలు ముఖం తిప్పుకుని పోతోంది. హసన్‌పర్తిలో ఆడపిల్లల కబడ్డీ పోటీ జరుగుతుంటే, ఆట ఇంకా మిగిలి ఉండగానే నేను చెప్పులతో బరిలోకి నడిచిపోయి, దాని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను మరి. కూతకు పోయిన మా పిల్ల తల అవతలి జట్టు పిల్ల మోకాలికి ఠపీమని తగిలిన చప్పుడు కుర్చీలో కూర్చున్న నాకు వినబడింది గానీ, పక్కనే నిలబడ్డ కోచ్ మహానుభావుడికి వినబడలేదు. మొహాన నీళ్ళు కొట్టి, "ఏం కాలే, లే బిడ్డా, తొడ కొట్టు" అన్నాడు. అది లేచి, జర తూలి, తొడ కొట్టింది. జనం ఈలలు వేశారు. అంతే, తల బాగున్నట్టే లెక్క! నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈ తొడ కొట్టించే పరీక్ష మన ఈడు వాళ్ళకు కొత్తేమీ కాదు. పరకాల పక్కన మా ఊళ్ళో కోతలు అయిపోయాక ఖాళీ మడిని చదును చేసి, ముగ్గుతో గీతలు గీసి, చుట్టూ తాడు కట్టి ఆడేవాళ్ళు. మోకాళ్ళు చెక్కుకుపోతే ఇంత పసుపు అద్దుకుని మర్నాడు మళ్ళీ దిగడమే. మా చిన్నన్న ఆటకు పోకుండా అమ్మ అతని నిక్కరు బియ్యం గుమ్మిలో దాచేది, నాన్న పైకి కేకలేస్తూనే తలకు తువ్వాలు చుట్టుకుని జనం వెనక నిలబడి చూసి వచ్చేవాడు. అన్న కూతకు పోతే ఇద్దరిని తాకనిదే వెనక్కి వచ్చేవాడు కాదు.

ఒక ఏడు పక్క ఊరి వాళ్ళతో ఆఖరి ఆటలో అన్న వెల్లకిలా పడ్డాడు, తల గట్టి నేలకు కొట్టుకుంది. ఎవరో గోలీసోడా మొహాన కొట్టారు, తొడ కొట్టమని ఊరంతా అరిచింది, కొట్టాడు. మళ్ళీ కూతకు లేచినవాడు గీత దాటకుండా, వెనక్కి తిరిగి మన వాళ్ళ మీదికే కూత పెట్టుకుంటూ పోయాడు! అవతలి వాళ్ళను వెక్కిరిస్తున్నాడనుకుని జనం పొట్ట పట్టుకుని నవ్వారు. తాడు బయట నిలబడ్డ మా అమ్మ ఒక్కతే, "వాని కండ్లు సూడుండ్రి, పిల్లగానికి బాగలేదు, బయటికి పిలువుండ్రి" అని మొత్తుకుంది. ఆడమనిషి మాట ఎవరికి కావాలి? కాసేపటికి మళ్ళీ పడ్డాడు. ఈసారిది పెద్ద దెబ్బ కూడా కాదు, భుజం తగిలి తూలి పడ్డాడంతే, కానీ లేవలేదు. జీపులో వేసుకుని వరంగల్ దవాఖానకు తెస్తే, అక్కడి డాక్టరు మా నాన్నను పట్టుకుని, "మొదటి దెబ్బకే కూసోబెడితే ఇంత దూరం రాకపోవు గదయ్యా" అని కసిరాడట.

అన్న బతికాడు. టీచరు ట్రైనింగులో సీటు వచ్చినవాడు పుస్తకం తెరిస్తే తలనొప్పితో మెలికలు తిరిగిపోయేవాడు, ఎండ పడేది కాదు, పెళ్ళి మేళం వింటే చెవులు మూసుకునేవాడు. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, తాయెత్తులు కట్టారు గానీ దెబ్బ అని ఒక్కరూ అనలేదు. ఇప్పటికీ మట్టెవాడలో మా ఇంటికి వచ్చినప్పుడల్లా అన్నం తిని, చెయ్యి కడుక్కుని, "చెల్లె, ఆ ఆట మనమే గెల్చినమా?" అని అడుగుతాడు. గెలిచామన్నా అంటే చిన్నపిల్లాడిలా మురిసిపోతాడు. మళ్ళీ వచ్చినప్పుడు మళ్ళీ అడుగుతాడు.

ఇప్పుడు మెత్తటి మ్యాట్లు వచ్చాయి, బూట్లు వచ్చాయి, మైకు వచ్చింది, ప్రతివాడి చేతిలో వీడియో తీసే ఫోను వచ్చింది. తల తగిలిన పిల్లను ఆ రోజుకు పక్కన కూర్చోబెట్టాలన్న బుద్ధి మాత్రం రాలేదు. డాక్టరు సరేననే దాకా ఆడించకండయ్యా, మోకాళ్ళు అడ్డం పెట్టకుండా పట్టడం నేర్పండయ్యా అని కోచ్‌తో మొత్తుకుంటే, "పెద్దమ్మా, నువ్వు ఫికర్ జెయ్యకు, మా పిల్లలు గట్టోళ్ళు" అని నవ్వాడు. గట్టివాళ్ళట! మా అన్న మెత్తనివాడా? నా కొడుకు సరేసరి, "అమ్మా, అందరి ముందల ఇజ్జత్ తీసినవ్" అని ఇంటిదాకా సణిగాడు. డాక్టరు మనవరాలిని పరీక్ష చేసి, తాను చెప్పేదాకా ఆట జోలికి పోవద్దన్నాక కూడా, నువ్వు చేసింది మంచిదేనని ఇంట్లో ఒక్కరి నోటి నుంచీ రాలేదు. మా అమ్మను ఆనాడు తాడు దాటనియ్యలేదు, నేను ఈనాడు దాటగలిగాను. ఇన్నేళ్ళలో మారింది అంతేనా?

ఈ పొద్దున మనవరాలు ఉండబట్టలేక వంటింట్లోకి వచ్చి నా మీద విరుచుకుపడింది. తనను లాక్కొచ్చేసరికి ఎన్ని పాయింట్లు వెనకబడ్డారో, ఎవరు కూతకు పోవలసి ఉందో, అవతలి జట్టులో ఏ పిల్ల కాలు నొప్పితో కుంటుతోందో, నేను అడ్డం రాకపోతే ఎట్లా గెలిచేవాళ్ళో, తన తల తగలక ముందుదీ తగిలిన తర్వాతదీ పూసగుచ్చినట్టు చెప్పి, నీ వల్లే ఓడిపోయినం నానమ్మా అని వెక్కి వెక్కి ఏడ్చింది. నేను పొయ్యి ఆపేసి, ఆ ఓడిన ఆటంతా ఒక్క ముక్కా మరిచిపోని దాని నోట మొదటి నుంచి చివరిదాకా విన్నాను.