సిమ్మాచలం తాతకి పడని సూది

కిందటి వారం వార్డులో నా పరువు నేనే తీసుకున్నాను. పక్కనోళ్ల సాయం కూడా అక్కర్లేకపోయింది. టీ సల్లారిపోద్ది, తాగుతూ ఇనండి.

నేను బరంపురంలో ఒక ఆస్పత్రిలో మెడికల్ వార్డు సిస్టర్నని మీకు తెలుసు కదా. ఆ మధ్య మాకు యాంటీబయాటిక్స్ మీద ట్రైనింగ్ ఇచ్చేరు. మందు మొదలెట్టక ముందే శాంపిల్ తియ్యాలి, మూడో రోజున "ఇది ఇంకా అవసరమా మేడమ్" అని డాక్టర్ని అడగాలి, రోగికి ఏ మందు పడదో సరిగ్గా కనుక్కోవాలి. ఇవన్నీ నర్సులు సూసుకోవాల్సినవే. అప్పట్నుంచి వార్డులో కనిపించినోళ్లందరికీ పాఠాలే. కొత్తగా చేరిన ఒడియా అమ్మాయి లిప్సా, నన్ను సూస్తే ఏదో పనున్నట్టు స్టోర్ రూమ్‌లోకి ఎల్లిపోయేది.

సోమవారం పొద్దున్న అస్కా దగ్గర్నుంచి సిమ్మాచలం తాత వచ్చేడు. చెరుకు తోటల్లో పని. మోకాలి కింద కాలు ఎర్రగా వాచిపోయి, ఒళ్లు కాలిపోతన్నాది. తోడు కూతురు పార్వతి. ఆ కాలు అలా అవడం మూడోసారంట. పాత ఫైలు మీద ఎర్రింకుతో పెద్ద అక్షరాలు: పెన్సిలిన్ అలర్జీ. దాంతో మా డాక్టరమ్మ మామూలుగా ఇచ్చే పెన్సిలిన్ మందు పక్కనెట్టి, పెద్ద ఇంజెక్షన్ రాసింది. మరీ గట్టి కేసులకని మేము దాచుకునే మందది.

"పోయిన రెండుసార్లూ ఇదే ఇచ్చేరు సిస్టర్," అంది పార్వతి. "కడుపు పాడైపోయి సగంలోనే ఇంటికొచ్చీసేడు."

కాలు మళ్లీ వాచకుండా ఉంటుందేటి? నేను స్టూలు లాక్కుని తాత పక్కన కూర్చున్నాను.

"తాతా, అప్పుడెప్పుడో పెన్సిలిన్ సూదేస్తే ఏటైంది? దద్దుర్లు వచ్చేయా? ఊపిరాడలేదా?"

"ఏటీ అవలేదమ్మా."

"మరి పడదని రాసున్నాదే?"

"సూదికీ నాకూ పడదు. సూత్తేనే కళ్లు తిరుగుతాయి. ఆ సిస్టరమ్మ సూది పైకెత్తిందో లేదో, నాను కింద పడ్డాను. ఇంకా గుచ్చనే లేదు."

పార్వతి సంచీలోంచి ఇంకో చీటీ తీసింది. కిందటేడు దిగపహండిలో పంటి డాక్టరు రాసినది. పెన్సిలిన్ జాతి గొట్టం మాత్రలే, అయిదు రోజులు.

"ఇవి మింగితే ఏమీ అవలేదా తాతా?"

"వాటితో నాకే తగువూ లేదమ్మా."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫైలు పట్టుకుని డెస్కు దగ్గరికి ఎల్లి, లిప్సానీ ఇంకో ఇద్దరు అమ్మాయిల్నీ పిలిచేను. వార్డంతా ఇనిపించేలాగే మొదలెట్టేను. "సూడండి, రాత అంటే ఇలాగుండకూడదు. పడదు అన్నాడంట, రాసీసిందంట. ఏటి పడదు, ఎలా పడదు అని ఒక్క ముక్క అడగలేదు. ఈ మహాతల్లి ఎవరో గానీ, ఈవిడ వల్ల ఆ ముసలాయన ఇన్నేళ్లు తప్పు మందు వాడేడు."

లిప్సా ఫైలు తిప్పి మొదటి పేజీ సూసింది. నాకేసి సూసింది. మళ్లీ పేజీ సూసింది. "దిదీ, ఏ లేఖా ఆపణంకర కి?" అంది మెల్లిగా. ఈ రాత మీదేనా అని.

కింద సంతకం నాదే. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు.

చెవులు కాలిపోయాయి. ఫైలు మూసీద్దామా అని ఒక్క క్షణం అనిపించింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ కాలు కళ్లముందే ఉంది. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి ఎల్లేను. "మేడమ్, అది అలర్జీ కాదేమో. తప్పు రాసింది నేనే."

ఆవిడ చీటీ సదివింది, తాతని అన్నీ మళ్లీ అడిగింది. ముందు కొంచెం పెన్సిలిన్ మందు మింగించి, పక్కనే ఉండి సూడమంది. నేను బీపీ మిషన్‌తో తాత పక్కన కాపలా. ఉన్నట్టుండి తాత మెడ గోక్కున్నాడు. నేను స్టూలు మీంచి లేచిపోయేను.

"దురదా తాతా?"

"దోమమ్మా."

ఏమీ అవలేదు. మేడమ్ ఎర్రింకు రాత కొట్టీసి సంతకం పెట్టింది. ఆ మామూలు మందుతోనే మూడ్రోజులకి వాపు సగం దిగింది. ఈసారి మధ్యలో మానకూడదని, మాత్రలు ఎన్ని రోజులు మింగాలో పార్వతికి రెండుసార్లు సెప్పి పంపేను.

ఎల్లే ముందు తాతతో అన్నాను, "అప్పుడు సూది పైకెత్తింది నేనే తాతా. నన్ను మన్నించు." తాత నన్ను కింద నుంచి మీద దాకా సూసేడు. "నువ్వేనా? అప్పుడు సన్నగా ఉండేదానివి కదమ్మా," అన్నాడు. అంతే. కోపం లేదు, ఏటీ లేదు.

శుక్రవారం మేడమ్ పిలిచింది. కొత్త సిస్టర్లకి అలర్జీ సంగతి ఎలా అడగాలో క్లాసు తీసుకోవాలంట, అదీ నేనే. "నేనే ఎందుకు మేడమ్?" అన్నాను.

"అనుభవం ఉన్నోళ్లు సెప్తే బాగుంటుంది," అంది, నవ్వకుండా.