బిషప్పుగారి కన్ను, మా అమ్మమ్మ కాటుక

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరినైనా నమ్మాలంటే ముందు ఒక వారం అనుమానించాలి. ఆ అలవాటు మా అమ్మమ్మది. అన్నం ముద్దలతోపాటు నాకూ పెట్టింది. ఇప్పటికీ హౌగాంగ్‌లో మా ఫ్లాట్ల లిఫ్టు దగ్గర ఎవరైనా నవ్వుతూ "ఆంటీ, మకాన్ అయిందా?" అని తిండి సంగతి అడిగి పలకరిస్తే, వీడికి నాతో ఏం పనబ్బా అనుకుంటాను.

మేము సింగపూర్‌లోనే పుట్టి పెరిగిన తెలుగు క్రైస్తవులం. మా తాతయ్య ఆంగ్లికన్ చర్చిలో ఉపదేశి. అంటే పాదిరి అయ్యగారు లేనప్పుడు వాక్యం చెప్పి పాటలు పాడించే మనిషి. పెద్ద హాలు ఇంగ్లీషువాళ్లది, తమిళులది. వెనకున్న చిన్న గది మాత్రం ఆదివారం మధ్యాహ్నం ఒక్క గంట మాది. అక్కడే తెలుగు ఆరాధన. ఇరవై మందిమి కూడా ఉండేవాళ్లం కాదు. ఆ గది పోతే తెలుగు ఆరాధన పోయినట్టే.

ఒకసారి ఆర్చ్‌డీకన్‌గారు తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆయనెవరని అమ్మమ్మ అడిగితే, తమిళ ఆరాధన చూసుకునే పక్కింటి మామ "ఆయన బిషప్పుగారి కన్ను" అన్నాడు. పాతకాలం నుంచీ ఆ పదవికి అదే పేరట. అమ్మమ్మ ముఖం మాడిపోయింది.

"చూశావా, మన గది మీద కన్ను పడిందన్నమాట! ఇంక ఉండనిస్తారా?" అంది.

ఆ గదిలో కప్పు కారి ఒక గోడంతా చెమ్మెక్కింది. అది చూస్తే గది పనికిరాదని తాళం వేసేస్తారని తాతయ్య భయం. పుస్తకాల బీరువాను ఆ గోడకు అడ్డంగా జరిపించాడు. అమ్మమ్మ నేను తప్ప ఎవరూ చూడకుండా గది గుమ్మానికి కాటుకతో దిష్టిచుక్క పెట్టింది. ఉపదేశి భార్యవి, ఇదేం పని అనబోయాను. "ప్రభువుకు నేను చెప్పుకుంటాలే, నువ్వు నోరు మూసుకో" అంది.

ఆయన వచ్చారు. సన్నగా, పొడుగ్గా, చేతిలో నోటుబుక్కుతో. నేను వెనకాలే తిరిగాను. కిటికీలు కదిపి చూశారు, రిజిస్టర్లు తిరగేశారు. పెన్సిల్ కదిలినప్పుడల్లా ఏం రాశారోనని మెడ చాచి చూశాను. మా గది గుమ్మం దగ్గర ఆగి, ఈ చుక్కేమిటన్నారు. తాతయ్య అప్పుడే చూశాడు దాన్ని. ఇంగ్లీషు బడి పిల్లను కదా, నేనే గబుక్కున "మీ కన్ను మా గది మీద పడకుండా" అనేశాను. తాతయ్య కళ్లు మూసుకున్నాడు.

ఆయన నవ్వలేదు. గడప మీద కూర్చుని చెప్పారు. ఒకప్పుడు ఈ ఊరి చర్చి కలకత్తా బిషప్పుగారి కింద ఉండేదట. ఆయన ఓడెక్కి ఎప్పుడో గానీ రాలేరు. దూరాన ఉన్న చర్చిలను బిషప్పుగారి బదులు చూసి చెప్పేవాళ్లే ఆర్చ్‌డీకన్లట.

"నేను చూడనిది బిషప్పుగారికి తెలీదు. తెలీనిదాన్ని ఎవరూ బాగుచేయించరు. చూడమంటావా, వద్దంటావా?" అని నన్నే అడిగారు.

తీపి మాటలు అనుకున్నాను. తాతయ్య మాత్రం భుజం ఆనించి తనే బీరువా నెట్టాడు. కిర్రుమంటూ జరిగింది. వెనక గోడ నల్లగా ఉంది. ఆయన రాసుకున్నారు. ఈ గది ఎవరిదని అడిగి, రిజిస్టర్ మళ్లీ తిరగేశారు. ఇన్నేళ్ల మా ఆరాధన అందులో ఎక్కడా లేదు. అదీ రాసుకున్నారు.

"చేజేతులా అప్పగించి వచ్చారు" అని అమ్మమ్మ ఇద్దరినీ తిట్టింది. ఆ నెలంతా తాతయ్య ప్రతి ఆదివారం అదే ఆఖరుసారి అన్నట్టు పాడాడు. అంతా నావల్లేనని నేను దుప్పట్లో ఏడ్చాను.

తర్వాత నిచ్చెనలు వచ్చాయి. కప్పు బాగుచేశారు. బయట బోర్డు మీద ఇంగ్లీషు, తమిళం కింద మూడో వరుస కొత్తగా వెలిసింది: తెలుగు ఆరాధన. తాతయ్య ఆ అక్షరాల మీద వేలు పెట్టి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అమ్మమ్మ మాత్రం "ఇంత మంచి చేశారంటే ఏదో ఉంది" అని, కొత్త రంగు వేసిన గుమ్మానికి మళ్లీ చుక్క పెట్టింది.

మొన్న పాలీక్లినిక్‌లో డాక్టరమ్మ "ఎక్కడైనా నొప్పి ఉందా, ఆంటీ?" అంది. ఆరు నెలలుగా దాచిన మోకాలు. చెబితే ఆసుపత్రిలో పడేస్తారని అనుమానం. లేదు అనడానికి నోరు తెరిచాను. ఎక్కడి నుంచో బీరువా కిర్రుమంది. చీర కాస్త పైకి జరిపి, "ఇదిగో, ఇక్కడ" అన్నాను.

ఆమె రాసిందంతా ఇంటికొచ్చి మనవరాలి చేత కూడా రెండుసార్లు చదివించుకున్నాననుకోండి.