ముందువైపు మాత్రమే ఉన్న ఇల్లు

బయట రోడ్డు మీద తారు కరిగి చెప్పులకు అంటుకుంటోంది. ఆ రెండో అంతస్తు ఇంట్లో మాత్రం వానాకాలం. పైకప్పు నుంచి దారాలకు వేలాడుతున్న నూట అరవై తగరపు చినుకులు, మూలన మంచం మీద తెరిచిపెట్టిన మూడు గొడుగులు, గోడలకు మందపాటి బూడిదరంగు తెరలు. వాటి మధ్య ఒక మనిషి బనియనుతో స్టూలెక్కి, ధారాపాతంగా చెమటలు కారుస్తూ నూట అరవై ఒకటో చినుకు కడుతున్నాడు.

ఆయన్ని అందరూ అద్దాలాయన అంటారు. మూడంతస్తుల బట్టల షాపులో వీధివైపు అద్దాల వెనక బొమ్మలకు బట్టలు తొడిగి, చుట్టూ అలంకరణ చేయడం ఆయన పని. అద్దానికీ గోడకీ మధ్య మూడడుగుల జాగాలో, బూట్లు విప్పి సాక్సులతో, నోట్లో గుండుసూదులు పెట్టుకుని పదిహేడేళ్లుగా బతుకుతున్నాడు. సూదులు నోట్లో ఉన్నప్పుడు మాట్లాడకూడదు కదా. ఆ అలవాటు ముదిరి, సూదులు లేనప్పుడు కూడా ఉన్నట్టే మాట్లాడతాడు.

షాపు లోకం మనకంటే ఒక కాలం ముందు నడుస్తుంది. జనం ఎండకు మాడుతుంటే అద్దాల వెనక వాన. జనం వానకు తడుస్తుంటే అక్కడ మంచు. జనం చలికి వణుకుతుంటే బొమ్మలు చేతుల్లేని చొక్కాలేసుకుని నవ్వుతుంటాయి. షాపులో ఏ రోజు కాలం మారితే ఆ సాయంత్రమే మిగిలిపోయిన ముక్కలు, కాగితాలు, దారాలు సంచిలో వేసుకొచ్చి అద్దాలాయన ఇంట్లో కూడా కాలం మార్చేస్తాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. పైసా ఖర్చు లేకుండా సంవత్సరానికి మూడుసార్లు కొత్త ఇల్లు. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆయన నోట్లోంచి సూదులు మాయమవుతాయి.

ఇల్లంటే ఒక గది, ఒక వంటిల్లు. స్నానాల గది తలుపు తెరవాలంటే మంచం జరపాలి, మంచం జరిగితే వంటింట్లోకి దారి ఉండదు. అందుకని ఇంట్లో ఒకరు స్నానానికి వెళితే రెండోవాళ్లు ఆకలి మర్చిపోవాలి.

పెళ్లికి ముందు, ఆయన చేసుకోబోయే ఆవిడ ఒకసారి వచ్చి ఇల్లు చూసింది. సిటీ బస్సులో కండక్టరు. మనిషి పొడుగు, గొంతు అంతకంటే పొడుగు. గుమ్మంలో నిలబడి, లోపలికి చూసి, "అబ్బ!" అంది. ముప్పై తొమ్మిదేళ్ల బ్రహ్మచారి ఆ ఒక్క అబ్బకి పడిపోయాడు.

పెళ్లయి పదకొండు రోజులైంది. ఇప్పుడు ఆవిడ అదే అబ్బ రోజుకు పదిసార్లు అంటోంది, నుదుటికి చినుకు తగిలినప్పుడల్లా.

మొదటిరోజు సాయంత్రమే తేలిపోయింది. టీ తాగుదామని ట్రేలోంచి కప్పు తీయబోతే ఆరు కప్పులూ, ట్రే, దాని కిందున్న అల్లిక గుడ్డ కలిసి పైకి లేచాయి.

"ఇదేంటండీ, కుటుంబమంతా కలిసొస్తోంది?"

"జిగురు," అన్నాడాయన. "కదలకుండా."

"కదలకపోతే తాగడమెట్లా?"

పదిహేడేళ్లలో ఆ ప్రశ్న ఏ బొమ్మా అడగలేదు.

తర్వాత ఒక్కొక్కటీ బయటపడింది. అరలో పుస్తకాలు థర్మాకోల్ ముక్కలకు అంటించిన అట్టలు. గిన్నెలో పళ్లు మైనం. గోడ గడియారంలో సెల్లు లేదు, ముళ్లు అందంగా కనిపించాలని పదీ పది దగ్గర ఆపేశాడు. దిండ్ల వెనక వరసగా గుండుసూదులు. అందమైన రెండు తెరలు జరిపితే వెనక కిటికీ లేదు, గోడ ఉంది. మరి కిటికీ ఎక్కడా అంటే, దానికి ప్లైవుడ్ బిగించి దానిమీద మబ్బు బొమ్మ వేశాడు. ఎందుకంటే అసలు కిటికీ గదికి ఓ పక్కకి ఉండి, గుమ్మంలోంచి చూస్తే వంకరగా కనిపిస్తోందట.

"పైన పటారం, లోన లొటారం," అంది ఆవిడ నడుం మీద చేతులేసుకుని. "ఏవండీ, ఈ ఇల్లు గుమ్మంలో నిలబడేవాళ్ల కోసం కట్టారా, లోపల ఉండేవాళ్ల కోసం కట్టారా?"

ఆయన గుమ్మం దగ్గరకు వెళ్లి, ఒక కన్ను మూసి చూశాడు. షాపులో కూడా అంతే, పని అయ్యాక రోడ్డు దాటి అవతలి ఫుట్‌పాత్ మీద నిలబడి ఒంటికన్నుతో చూసుకుంటాడు. అక్కడి నుంచి బాగుంటే బాగున్నట్టే.

"ఇక్కణ్ణించి చూడు. ఎంత బాగుందో."

"అయితే మంచం కూడా మెట్ల మీదే వేయండి. అక్కడే కాపురం చేద్దాం."

బుధవారం ఆయన అక్క వచ్చింది. ఈ పెళ్లి కుదిర్చిన మహాతల్లి. పెళ్లి చేసుకో పెళ్లి చేసుకో అని పన్నెండేళ్లు తమ్ముడి చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆ పన్నెండేళ్లూ గుమ్మంలోనే నిలబడి "మా తమ్ముడి ఇల్లు అద్దమే" అని మురిసిపోయి, అట్నుంచటే వెళ్లిపోయేది.

"వదినా, లోపలికి జరగండి. మధ్యలో ఖాళీ ఉంది, జరగండి జరగండి," అంది ఆవిడ, కండక్టరు గొంతుతోనే. "సోఫాలో కూర్చోండి."

"అక్కా, వద్దు..." అన్నాడు అద్దాలాయన, సూదులున్న నోటితో.

ఎవరికి వినబడింది? అది అద్దాల వెనక పట్టేలా చేసిన సోఫా, వెడల్పు జానెడు. పైన మఖమల్, లోపల అట్టపెట్టెలు. అక్కయ్య కూర్చుంది. పెట్టెలు ఒకదాని తర్వాత ఒకటి నిట్టూర్చాయి. చూస్తుండగా అక్కయ్య నేలకు చేరి, కాళ్లు గాల్లో పెట్టి, చేతికందిన చినుకు పట్టుకుంది. ముప్పై చినుకులు ఊడి మీదపడ్డాయి.

"ఒరేయ్! పన్నెండేళ్ల నుంచి నన్ను నిలబెట్టి పంపిస్తున్నావంటే ఇందుకా!"

"నేను చెబుతూనే ఉన్నా..."

"ఏం చెప్పావురా? 'మ్మ్ మ్మ్' అన్నావు. లేపండర్రా నన్ను!"

ఆవిడ వదినగారిని లేవదీసి, మంచం మీద కూర్చోబెట్టి, నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తింది. కానీ అక్క వెళ్లిపోయాక ఆవిడ మొహంలో నవ్వు లేదు. సంచిలోంచి తాళంచెవి ఒకటి తీసి మైనం పళ్ల పక్కన పెట్టింది.

"ఇది మా హాస్టల్లో నా మంచం పక్క బీరువాది. మంచం ఇంకా వదులుకోలేదు. శనివారం సాయంత్రం ఆరింటిలోగా కావాలో వద్దో చెప్పమన్నారు. చెప్పకపోతే వేరే అమ్మాయికి ఇచ్చేస్తారు."

అద్దాలాయన తాళంచెవి వైపు చూశాడు.

"మీరు చెడ్డవాళ్లని కాదండీ. రోజంతా నిలబడి నిలబడి నా కాళ్లు ముద్దయిపోతాయి. ఇంటికొచ్చి కూడా నిలబడే ఉంటున్నా. మంచం మీద పడుకుందామంటే దాని మీద మీ గొడుగు సామాను. నేను కాళ్లు చాపుకుని కూర్చునే జాగా ఒక్కటి చూపించండి. జానాబెత్తెడు చాలు. లేదంటే నా హాస్టల్ మంచానికి నేను పోతా. శని, ఆదివారాలు మీరే వచ్చి నన్ను చూసిపోదురు గాని."

ఆ రాత్రే మంచం మీది గొడుగులన్నీ అటక ఎక్కాయి. మర్నాడు అద్దాలాయన తనకు తెలిసిన విద్యే ప్రయోగించాడు. అంటే, ఇంకాస్త అలంకరించాడు. రెండు పీపాల మీద పలక వేసి, పైన నీలం పట్టుగుడ్డ కప్పి, వెనక ఇంద్రధనుస్సు కట్టి సింహాసనం ఒకటి తయారు చేశాడు. ఆవిడ డ్యూటీ దిగి వచ్చింది. దాన్ని చూసింది. కూర్చుంది. పలక అటువైపు లేచింది, ఇంద్రధనుస్సు నెత్తిన వాలింది.

"ఇది కూర్చోడానికా, ఫొటో దిగడానికా?" అని మాత్రం అడిగి, తలలోంచి కాగితం ముక్కలు ఏరుకుంటూ వెళ్లి మంచం అంచున కూర్చుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే ఆయనకు బాగుండేది. పళ్ల గిన్నె పక్కన తాళంచెవి అలాగే ఉంది.

శుక్రవారం అద్దాలాయన సెలవు పెట్టి, ఆవిడ బస్సెక్కి వెనక నిలబడ్డాడు. ఎందుకో ఆయనకే సరిగ్గా తెలియదు. బొమ్మకు చొక్కా తొడగాలంటే ముందు కొలతలు తీసుకోవాలి. ఈ మనిషి కొలతలు తన దగ్గర లేవని మాత్రం అర్థమైంది.

"టికెట్ టికెట్! ముందుకు జరగండి బాబూ, మీ ఆస్తేమన్నా పోతుందా! పెద్దాయనా, ఆ మూట ఒళ్లో పెట్టుకో, దానికి వేరే సీటెందుకు!" అంటూ వచ్చి, మొగుణ్ణి చూసి ఒక్క క్షణం ఆగింది. "ఎక్కడికి సార్?"

"చివరిదాకా."

టికెట్ కొట్టి ఇచ్చింది. డబ్బులు కూడా తీసుకుంది, డ్యూటీ డ్యూటీయే.

గంటసేపు ఆవిడ కూర్చోలేదు. బ్రేకు పడినప్పుడల్లా స్తంభానికి తుంటి ఆనించి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలికి మార్చుకునేది. చివరి స్టాపులో జనమంతా దిగాక వెనక మూల కిటికీ సీట్లో కూలబడింది. సంచి నడుం వెనక దోపింది. బూట్లు విప్పి, చక్రం మీద ఉబ్బెత్తుగా ఉన్న రేకు మీద పాదాలు పెట్టింది. కిటికీలోంచి గాలి. కళ్లు మూతలు పడ్డాయి. నాలుగంటే నాలుగే నిమిషాలు. డ్రైవరు హారన్ కొట్టగానే లేచి టీ కోసం వెళ్లింది.

అద్దాలాయన జేబులోంచి టేపు తీసి ఆ సీటు కొలిచాడు. నేల నుంచి ఎత్తు, వెడల్పు, వీపు వాలు, రేకు ఎంత దూరం, ఎంత ఎత్తు. మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద కూడా చూశాడు. జీవితంలో మొదటిసారి ఒక వస్తువు వెనకభాగం ఎలా ఉంటుందో చూస్తున్నాడు.

"ఏవండీ, బస్సు కొంటున్నారా?" ఆవిడ టీ కప్పుతో మెట్ల మీద నిలబడి ఉంది.

"మ్మ్," అన్నాడు. నిజంగానే నోట్లో పెన్సిలు ఉంది.

శనివారం తెల్లారకముందే ఆవిడ డ్యూటీకి పోయింది. పోతూ తాళంచెవి తీసుకుని సంచిలో వేసుకుంది. అది చూసి అద్దాలాయన గుండె జారి సాక్సుల్లో పడింది. షాపుకు మళ్లీ సెలవు చెప్పి, ముందు కిటికీకి కొట్టిన ప్లైవుడ్ ఊడబీకాడు. మబ్బు పోయి ఆకాశం వచ్చింది, దాంతోపాటు గాలి. బొమ్మలను నిలబెట్టే గట్టి చెక్కపెట్టె ఒకటి మంచం కింద ఉండేది, ఇన్నాళ్లూ ఎవరికీ పట్టనిది. దాన్ని కిటికీ కిందకు జరిపి, టేపు పెట్టి, పెట్టె కాళ్లు కోసి సరిగ్గా బస్సు సీటంత ఎత్తు చేశాడు. మూత తెరుచుకునేలా బందులు బిగించాడు. లోపల ఆవిడ యూనిఫాంలు, బూట్లు పడతాయి. మంచం కింద ఇంకా నాలుగు గోనెసంచులున్నాయి. ఎనిమిదేళ్లుగా చలికాలం డిస్‌ప్లే విప్పినప్పుడల్లా దాచిన మంచు, అంటే దూది. దాన్నంతా ఏకి, వాన తెరలు రెండు దింపి, వాటితో పరుపు, వీపు దిండు కుట్టాడు. గుండుసూది ఒక్కటి లేకుండా, దారంతో. పాదాల కోసం చిన్న పెట్టె బోర్లించాడు. అటక మీది పల్చటి తెల్ల తెర కిటికీకి కట్టాడు. పదిహేడేళ్లలో మొదటిసారి ఆ ఇంట్లో ఎండాకాలానికి ఎండాకాలమే వచ్చింది. చినుకులన్నీ తెంపేసి ఒక్క వరస మాత్రం కిటికీ పక్కన, ఆవిడ తలకు తగలనంత ఎత్తులో వేలాడదీశాడు. గాలికి గలగలమన్నాయి.

తర్వాత అలవాటుకొద్దీ గుమ్మం దగ్గరకు వెళ్లి ఒంటికన్నుతో చూశాడు. ఘోరంగా ఉంది. అక్కణ్ణించి పెట్టె వీపు, పచ్చి చెక్క, మేకుల తలలు కనిపిస్తున్నాయి. ఓ గుడ్డ కప్పుదామని తీశాడు కూడా. మళ్లీ గుడ్డ అక్కడే పడేసి, వెళ్లి ఆ సీట్లో కూర్చున్నాడు. కాళ్లు పైన పెట్టాడు. రెండు కళ్లతో చూశాడు. తన ఇల్లు ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో ఆయనకు ఇంతవరకూ తెలియదు.

నాలుగున్నరకు ఆవిడ వచ్చింది. గుమ్మంలో ఆగింది. "అబ్బ" అనలేదు.

"ఏంటిది, సరుకు దించారా?"

"లోపలికి జరగండి," అన్నాడు అద్దాలాయన. నోట్లో సూదులు లేవు. "కిటికీ పక్క సీటు ఖాళీ ఉంది."

ఆవిడ అనుమానంగా వెళ్లింది. అరచేత్తో పరుపు నొక్కింది, సూదుల కోసం వెనక వెతికింది, మూత ఎత్తి చూసింది, పెట్టెను కాలితో ఒక్క తన్ను తన్నింది. కదల్లేదు. కూర్చుంది. సంచి నడుం వెనక దోపింది. పాదాలు సరిగ్గా పెట్టె మీద పడ్డాయి. అప్పుడు ఆయన వంక చూసింది.

"బస్సు కొనలేదు, దొంగిలించారన్నమాట. లోపల ఏం కుక్కారు?"

"మంచు. ఎనిమిది చలికాలాలది."

ఆవిడ ఏదో అనబోయింది. అనకుండానే తల కిటికీ అంచుకు వాలింది, నోరు తెరుచుకుంది, గురక మొదలైంది. ఆ గొంతుకు తగ్గ గురకే.

అద్దాలాయన టీ పెట్టుకున్నాడు. తాగుతూ ఫోన్లో టైం చూశాడు. అయిదూ నలభై. ఇంకో ఇరవై నిమిషాలు నోరు మూసుకుని కూర్చుంటే చాలు. హాస్టల్ మంచం ఎవరో అమ్మాయికి పోతుంది, ఆవిడ ఇక్కడే ఉండిపోవాలి. నోరు మూసుకోవడంలో ఆయన్ని మించినవాళ్లు లేరు. రెండుసార్లు కప్పు కింద పెట్టి, రెండుసార్లు తీశాడు. చినుకులు గలగలమంటున్నాయి.

అయిదూ నలభై ఆరుకి వెళ్లి ఆవిడ భుజం తట్టాడు.

"ఏయ్. హాస్టల్ వాళ్లకి చెప్పాలన్నావు. ఆరు కావస్తోంది."

ఆవిడ ఒక కన్ను తెరిచింది. గోడ మీది గడియారం చూసింది. పదీ పది.

"చివరి స్టాపు వచ్చిందా?"

"లేదు."

"మరి లేపుతారెందుకండీ?" అని, సంచి నడుం వెనక్కి ఇంకాస్త దోపుకుని, అటు తిరిగి పడుకుంది.