ట్రాన్స్‌ఫార్మర్ పక్కన పడక

2022 డిసెంబరు. తార్నాక దగ్గర ఒక యూనివర్సిటీ క్యాంపస్‌లో నేను ఎలక్ట్రికల్ సబ్ ఇంజినీర్ని. అంటే కరెంటు పోయినప్పుడు మాత్రమే హాస్టల్ పిల్లలకు గుర్తొచ్చే మనిషిని.

ఓ చలి ఉదయం మాణికేశ్వర్ నగర్ వైపున్న ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ లెవెల్ చూడ్డానికి వెళ్లాను. పదకొండు వేల వోల్టులను మన ఫ్యాన్లు తట్టుకునేంతకు దించే డబ్బా అది. లోపలి నూనె వేడి పక్కనున్న ఇనుప రెక్కల గుండా బయటికి పోతుంది. ఆ వేడిని ఎవరైనా వాడుకుంటారని మా సిలబస్‌లో లేదు.

కంచె లోపల, రెక్కలకు జానెడు దూరంలో, ఒక ముసలాయన దుప్పటి ముసుగేసి పడుకున్నాడు. ఎర్త్ వైరు మీద తడి పంచె ఆరేసుకున్నాడు. లోపం వస్తే కరెంటు భూమిలోకి దిగేది ఆ తీగ మీదుగానే.

అరిస్తే ఉలిక్కిపడి లేచి పై తీగలకు చెయ్యి తగిలిస్తాడేమో. గుసగుసగా సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి లైన్ క్లియర్ అడిగాను. సరఫరా ఆపేశామని వాళ్లిచ్చే హామీ అది. అది వచ్చేలోపు ఆయన దగ్గాడు, అటు తిరిగాడు, చెయ్యి చాచాడు.

హామీ వచ్చాక లేపాను. పేరు యాదగిరి. మెట్టుగూడలో కూలి. బస్టాపులో పడుకుంటే రోజూ ఎవరో ఒకరు కాలితో తన్ని లేపుతున్నారట.

"ఇక్కడ చచ్చిపోతావు పెద్దాయనా. బోర్డు మీద పుర్రె బొమ్మ చూడలేదా?"

"చూసే వచ్చిన సార్. గా బొమ్మకు భయపడి ఎవ్వరు రారు. లేపెటోళ్లుండరు."

కంచె గేటుకు తాళం వెయ్యమని అప్పుడే వచ్చిన మా లైన్‌మన్ సత్తయ్యకు చెప్పాను.

"తాళమైతే ఏస్త సార్. మరి పొద్దుమీకి ఈయన ఏడికి పోవాలె?"

పక్కనే, ఒకప్పుడు స్విచ్చులూ మీటర్లూ ఉండే పాత ప్యానెల్ గది ఉంది. దాని కరెంటు ఎప్పుడో తీసేశాం. అయినా టెస్టర్‌తో మూలమూలా చూశాను. యాదగిరిని అందులోకి మార్చి, తలుపుకు కొత్త 'ప్రమాదం' బోర్డు బిగించాను. నా సర్వీసులో నేను పెట్టిన ఒకే ఒక్క అబద్ధపు బోర్డు. పై అధికారికి చెప్పలేదు. ఆయనకు బీపీ ఉంది.

ఆ రాత్రి చలి ఇంకా ముదిరింది. వెచ్చదనం కోసం యాదగిరి కంచె దూకి మళ్లీ ఆ రెక్కల దగ్గరికే పోతే? ఇంట్లో దుప్పటి కప్పుకున్నానన్న మాటేగానీ నిద్రపోలేదు. పొద్దున్నే పరుగెత్తాను. కంచె లోపల ఎవరూ లేరు. గది తలుపు తోసుకుని దూరాను. యాదగిరి లేచి కూర్చున్నాడు.

"తలుపు కొట్టి రావాలె గద సార్."

చలికాలంలో సరఫరా తిరిగి ఇచ్చేముందు ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ నడిచి చూడ్డం ఆనాటి నుంచి అలవాటైంది. ఆ గది దగ్గర మాత్రం బయటే నిలబడి తలుపు కొడతాను. లోపల్నుంచి దగ్గు వినబడేదాకా ఆగుతాను.